మొగుడి దగ్గర చేపలు కొనే ఊరు

విశాఖపట్నం నుంచి తిరిగొచ్చి నెల దాటింది. మా అనంతపురంలో ఎదురుపడ్డవాళ్ళంతా ఇప్పటికీ ఒకటే అడుగుతున్నారు, సముద్రం ఎట్లుందని. ఉంది, చాలా ఉంది, ఉప్పగా ఉంది అని చెప్పి తప్పించుకుంటున్నాను. నలభై దాటేవరకూ చెరువు కంటే పెద్ద నీళ్ళు చూడనిదాన్ని, సముద్రం చూసి నోరు తెరవాల్సిందే. తెరిచాను కూడా. ఒక కెరటం వచ్చి అందులో పడింది. కానీ నా మతి పోగొట్టింది మాత్రం ఆ నీళ్ళ పక్కన ఒక మగవాడు కట్టుకున్న భార్యకు గంపెడు చేపల ధర చెప్పడం. ఆ సంగతి వీధిలో నిలబడి చెప్పేది కాదు కాబట్టి ఇలా రాస్తున్నాను.

నేను కాలేజీలో అర్థశాస్త్రం చెప్తాను. ఆఫ్రికా అభివృద్ధి పాఠం వచ్చినప్పుడు ఏటా ఎఫువా గారి పరిశోధన గురించి చెప్పకుండా వదలను. ఆమెది ఘనా దేశం. అక్కడి సముద్రపు ఊళ్ళలో భర్త పట్టిన చేపల్ని భార్య డబ్బిచ్చి కొంటుంది, పొగబెట్టి సంతలో అమ్ముకుంటుంది, లాభం తన దగ్గరే ఉంచుకుంటుంది. ఇల్లొకటే అయినా సంచులు రెండు. అందుకని సాయం మగవాడి చేతిలో పెడితే ఇల్లంతటికీ చేరుతుందని అనుకోవద్దని ఆమె వాదన. ఆ మాట ఎన్నో దేశాల పథకాల్లోకి పాకింది. విశాఖ జాలరిపేటల్లో ఐసు పెట్టెలు పంచే ఒక పథకం కూడా ఆ మాట మీదే నడుస్తోందట. వచ్చి చూసి, చివరిరోజు సభలో మాట్లాడమని ఆమెను పిలిచారు. ఆమె వెంట ఉండి మాటలు అటూ ఇటూ చేరవేయడానికి ఒక ఆడమనిషి కావాలంటే, తెలిసినవాళ్ళు నా పేరు చెప్పారు. పాఠంలో పేరు ఎదురుగా మనిషై నిలబడుతుందంటే ఎగిరి గంతేయనా!

బీచ్ రోడ్డు

ఎఫువా గారు ఎత్తైన మనిషి. జుట్టుకు పూలపూల గుడ్డ చుట్టి, నవ్వితే పక్క గదిలోవాళ్ళు లేచేలా నవ్వుతుంది. శుక్రవారం పుట్టిన ఆడపిల్లకు వాళ్ళ ఊళ్ళో ఎఫువా అని పేరట. మా ఊళ్ళో శుక్రవారం పుడితే లక్ష్మి అంటారని చెప్పాను. "అయితే నన్ను లక్ష్మి అను," అంది. అనలేకపోయాను. సాయంత్రానికి అక్కా అన్నాను, దానికీ సంతోషించింది.

బీచ్‌లో ఐదు రూపాయలకు మురీ మిక్చర్ కొన్నాం. మరమరాల్లో ఉల్లిపాయలు, నిమ్మరసం కలిపి చేతికిస్తారు. మా బొరుగులే, ఇక్కడ పేరు మారింది. మర్నాడు పొద్దున గెస్ట్‌హౌస్ వంటామె "సోడి అంబలి తాగుతారేటి?" అంటే ఏమిటో అనుకున్నాను. తీరా చూస్తే మా రాగి అంబలి. ఎఫువా గారు ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. వాళ్ళమ్మ మొక్కజొన్న పిండి పులియబెట్టి, ఆకుల్లో చుట్టి ఉడికించేదట. దాని పులుపు గుర్తొచ్చిందట.

అంబలి తాగి మళ్ళీ బీచ్‌కు నడుస్తుంటే చెప్పింది, వాళ్ళమ్మ కూడా చేపలమ్ముకునేదేనట. నాన్న పడవ ఒడ్డుకు రాగానే గంప పట్టుకుని అందరికంటే ముందు నిలబడేది. నాన్న ధర చెప్పేవాడు, అమ్మ తిట్టేది, ఊరంతా నవ్వేది. "నేను పుస్తకాల్లో రాసిందంతా ఆ గంప చుట్టూ తిరిగినదే," అంది. ఆ మాట వింటూ నీళ్ళలోకి నాలుగడుగులు వేశాను. పెద్ద కెరటమొకటి వచ్చి నా కుడికాలి చెప్పు పట్టుకుపోయింది. మిగిలిన రెండోదాన్ని ఏం చేసుకోను, దాన్ని కూడా సముద్రానికే ఇచ్చేశాను.

ఆటోనగర్

పథకం చూసే రమణమూర్తి గారు జీపు తెచ్చారు. ఆయనది భీమవరం వైపు. తండ్రి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి గాజువాకలో స్థిరపడ్డారు. ఇరవై ఏళ్ళు దాటినా ఆయన మాటలోని గోదావరి ఇంకలేదు. "ఆయ్, ముందు పెట్టెలు చూద్దారండి. తర్వాత ఊరు," అన్నారు.

ఆటోనగర్ షెడ్డులో ఐసు పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. ఫైబరువి, తెల్లగా, ఇద్దరు మోయగలిగేంత. దగ్గరికి వెళ్ళి చూస్తే ప్రతి మూత మీదా నీలం రంగుతో రాసి ఉంది: భర్త సంచి వేరు, భార్య సంచి వేరు.

ఎఫువా గారికి చదివి చెప్పాను. ఆమె మూత మీద అక్షరాలు వేలితో తడిమింది. "ఇది నా వాక్యం," అంది. ఇంకో మూత చూసింది. అక్కడా అదే. ఆమె ముఖంలో సంతోషం కంటే భయమే ఎక్కువ కనిపించింది నాకు.

"వీటిని ఎవరికిస్తారు?" అని అడిగింది.

"భార్య భర్త దగ్గర చేపలు కొనే ఊళ్ళకేనండి. ముందు సర్వే చేస్తామండి. ఆ అలవాటు లేని ఊళ్ళో ఇస్తే లాభం మగాడి చేతికే పోద్దని మీరే రాశారు కదండీ," అన్నారు రమణమూర్తి గారు. "భీమిలి దారిలో ఒక ఊళ్ళో ఆ పద్ధతి ఉందండి. అక్కడ ఇచ్చాం. రేపు మీరు చూసి, సభలో అవునంటే ఇవన్నీ మిగతా ఊళ్ళకు బయల్దేరతాయండి. లేదంటే ఇచ్చినవి కూడా వెనక్కి తెమ్మంటారు పైవాళ్ళు."

ఎక్కడి ఘనా, ఎక్కడి భీమిలి! ఏటా నేను బోర్డు మీద రాసి తుడిచేసే మాట ఇక్కడ ఎవరి ఇంటికి ఐసు రావాలో తేలుస్తోంది.

భీమిలి దారిలో

మర్నాడు పొద్దున్నే ఆ జాలరిపేటకు వెళ్ళాం. ఒడ్డున పడవలు, ఇసుకలో ఆరబెట్టిన వేలెడంత నెత్తళ్ళ చేపలు, ఆ వాసన. మొదటి పది నిమిషాలు కొంగు ముక్కు మీంచి తీయలేదు, తర్వాత అలవాటైంది. నూకాలమ్మ అనే పెద్దావిడ ఎదురొచ్చింది. ఆడవాళ్ళ సంఘానికి ఆమే పెద్ద. ఎఫువా గారిని కిందినుంచి పైదాకా చూసి, "ఒలమ్మా, ఎంత పొడుగున్నాదో మాతల్లి! కూకోండమ్మా, పడవలు వచ్చే యేళయినాది," అంది.

పడవలు వచ్చాయి. మగవాళ్ళు గంపలు దించారు. ఒక్కొక్క భార్యా తన భర్త గంప ముందు నిలబడింది. గౌరి అనే అమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో, తన భర్త ఎర్రయ్య ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఎంతేటి?" అంది.

ఎర్రయ్య ధర చెప్పాడు. గౌరి ఇంత అంది, అతను అంత అన్నాడు. చివరికి ఆమె కొంగు ముడి విప్పి నోట్లు అతని చేతిలో పెట్టింది.

నేను ముక్కున వేలేసుకున్నాను. మా వైపు శెనక్కాయలు పండించిన మొగుడి దగ్గర పెళ్ళాం శెనక్కాయలు కొంటే, ఆ ఇంటికి దయ్యం పట్టిందంటారు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వుతున్నారు. గౌరి ఒక్కతే నవ్వలేదు. ఒక ముసలాయన ఇసుకలో ఉమ్మేసి అటు తిరిగి వెళ్ళిపోయాడు. ప్రతి జంటా బేరం ముగిశాక నీళ్ళ అంచుకు వెళ్ళి చేతులు ముంచి వస్తున్నారు. చేపల జిగురు కడుక్కుంటున్నారనుకున్నాను. ఎర్రయ్య మాత్రం నోట్లు జేబులో పెట్టుకుని నేరుగా ఇంటివైపు నడిచాడు.

ఎఫువా గారు ఏడుస్తోంది. "మా అమ్మ, అచ్చం మా అమ్మ," అంటోంది. సముద్రానికి ఆ ఒడ్డున ఒకమ్మాయి చిన్నప్పుడు చూసింది ఈ ఒడ్డునా నిజమేనంటే, ఏ పరిశోధకురాలు ఏడవదు? నాకూ కళ్ళు చెమర్చాయి. రమణమూర్తి గారైతే చెయ్యెత్తి దండం పెట్టారు, ఎవరికో తెలియదు.

పిలవని పేరంటం

ఇలాంటి ఊరికి ఉత్త చేతులతో వెళ్ళానే అని ఎఫువా గారికి రాత్రంతా మనసులో పీకింది. తన దేశం నుంచి తెచ్చిన పూలగుడ్డ ఒకటి నూకాలమ్మకు ఇద్దామంది. మర్నాడు రమణమూర్తి గారికి చెప్పకుండా భీమిలి బస్సెక్కాం. కండక్టరు ఎఫువా గారి దగ్గర టికెట్ డబ్బులు తీసుకోవడానికి మొహమాటపడ్డాడు. ఆమె బలవంతాన ఇచ్చింది.

మేం ఒడ్డుకు చేరేసరికి పడవలు అప్పుడే వచ్చాయి. నిలబడి చూశాను. ఒకతను గంప తెచ్చి భార్య కాళ్ళ దగ్గర దించి, ఒక్కమాటైనా మాట్లాడకుండా వల దులుపుకోవడానికి పోయాడు. ఇంకొకతనూ అంతే. ఆడవాళ్ళు గంపలు తీసుకుని వేలంపాటకు కూర్చున్నారు. ధర లేదు, బేరం లేదు, నవ్వూ లేదు. ఎఫువా గారు నా చెయ్యి పట్టుకుంది.

దూరంగా ఒక్కచోట మాత్రం బేరం జరుగుతోంది. ఎర్రయ్య తన గంప ముందు నిలబడి ధర చెప్తున్నాడు. గౌరి పరాయి ఆడవాళ్ళతో కలిసి, వాళ్ళలో ఒకతెగా, వేలంపాట పాడుతోంది. పాట ఇంకొకామెకు పోయింది. గౌరి ఖాళీ తట్టతో పక్కకు తప్పుకుంది.

అంతలో నూకాలమ్మ మమ్మల్ని చూసింది. పరుగున వచ్చింది.

"ఇయాల వత్తామని సెప్పనేదే మీరు!"

"ఏంది పెద్దమ్మా ఇది? నిన్న కొన్నోళ్ళు ఈరోజు ఎందుకు కొంటల్లేదు?" అన్నాను.

ఆమె మమ్మల్ని పడవ నీడకు తీసుకుపోయి కూర్చోబెట్టింది. కాసేపు ఇసుక గీసింది. తర్వాత చెప్పేసింది.

"మొగుడి కాడ పెళ్ళాం కొంటాదేటమ్మా ఎక్కడైనా? ఆడు తెచ్చిందంతా దానిదే. అమ్మి ఇల్లు నడిపేది అదే. ఆడికి కల్లుకిస్తాది, అంతే. సర్వే బాబు వచ్చి 'మీ పెళ్ళాలు కొంటారా?' అని అడిగినాడు. పక్కూరోళ్ళు నేదన్నారు, ఆళ్ళకి పెట్టి రానేదు. అడగడంలోనే తెలిసిపోద్ది కదమ్మా ఏటి సెప్పాలో! మేం కొంటామన్నాం. సూపించమన్నారు. సూపించినాం. ఎవలు వస్తే ఆళ్ళకి సూపిత్తన్నాం."

ఎఫువా గారికి ఎలా చెప్పను? వాక్యం వాక్యంగా చెప్పాను. ఆమె కదలకుండా వింది. నిన్న కళ్ళారా చూసి ఏడ్చింది తన పుస్తకం నేర్పిన నాటకాన్నని ఆమెకు అర్థమైన క్షణం నేను చూశాను. అది చూడకుండా ఉంటే బాగుండేది.

"మరి గౌరి?" అంది చివరికి.

నూకాలమ్మ తల దించుకుంది. అప్పుడు అసలు సంగతి చెప్పింది.

వాళ్ళ కులంలో మొగుడు పెళ్ళానికి ఒడ్డున, పదిమంది ముందు, చేపల ధర చెప్తే ఆ పెళ్ళి తెగిపోయినట్టే. ఆమె ఇక పరాయి మనిషి, మిగతావాళ్ళలాగే కొనుక్కోవాలి. అయితే ఆ మాట అనే ముందు కులపెద్దలు ఇద్దర్నీ కూర్చోబెట్టి తగువు వినాలి, వలల్లో ఆమె వాటా తేల్చాలి. ఐసు పెట్టెల కోసం వీళ్ళు ఆడింది ఆ తెగదెంపుల తంతునే. కీడు తగలకుండా ఆట అయిన వెంటనే జంటగా సముద్రంలో చేతులు ముంచి మాట వెనక్కి తీసుకుంటారు. కిందటి నెల ఎవరో చూడ్డానికి వచ్చినప్పుడు ఎర్రయ్య నీళ్ళ దగ్గరికి రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

"ఆడికి హార్బరు కాడ మరబోటు మీద పని దొరికినాది. వలలు అమ్మీసుకుని ఎల్లిపోదారని సూత్తన్నాడు. పెద్దలు తగువు ఇంటే సగం దీనికి పోద్ది కదా. అందుకని, 'నాను ధర సెప్పీసినాను, అయిపోనాది. పెద్ద సదువు సదివినమ్మ పుస్తకంలోనే ఉన్నాది' అంటన్నాడు," అంది నూకాలమ్మ.

"అది ఆటని పెద్దలు చెప్పకూడదా?" అన్నాను.

"సెప్తే పెట్లు పోవా తల్లీ? రేపు సాయంత్రం పెద్దలు కూకుంటన్నారు, వలల లెక్కకి కాదు, తెగిపోనాదని సెప్పడానికే. ఊరంతా నోరు మూసుకుంది. నానూ మూసుకున్నాను."

గౌరి ఎప్పుడు వచ్చిందో మా వెనకే నిలబడి ఉంది. ఎఫువా గారి వైపే చూస్తూ మాట్లాడింది.

"ఆడు నాకు కావాలని కాదమ్మా. పోతే పోనీ. గాని ఆట పేరు సెప్పి ఒగ్గేత్తే ఎలగ? ఆ వలలు నానూ అల్లినాను. నాను సేసిన తప్పేటో పదిమందిలో సెప్పి ఒగ్గేయమనండి. నాను అడిగేది అంతే."

తిరుగు బస్సులో ఎఫువా గారు పూలగుడ్డ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇవ్వడం మర్చిపోయాం. "మా ఊళ్ళో నాన్న తన చేపల్ని అమ్మకు కాకుండా ఇంకో ఆడదానికి అమ్మితే, అప్పుడు తెగిపోయినట్టు," అంది. "మాకు కొనడమే కాపురం. అది నేను రాయలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను."

సభ

మర్నాడు పొద్దున సభ. ముందు వరసలో పైవాళ్ళు, వాళ్ళ వెనక రమణమూర్తి గారు ఇస్త్రీ చొక్కాలో. అవునంటే పెట్టెలు కదులుతాయి, గౌరి మునుగుతుంది. కాదంటే గౌరి మాట నిలబడుతుంది, నూకాలమ్మ వాళ్ళ చేపలు ఎండకు కుళ్ళిపోతాయి. రాత్రంతా ఆమె ఏం అంటుందో నాకు చెప్పలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

ఆమె లేచి, కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. "నేను మా అమ్మ ఒడ్డు గురించి రాశాను. ఈ ఒడ్డు గురించి రాయలేదు. ఇక్కడ భార్యలు భర్తల దగ్గర చేపలు కొనరు. నా మాట కోసం కొన్నట్టు చూపించారు. అది వాళ్ళ తప్పు కాదు, ఐసుకు మీరు పెట్టిన షరతుది, ఆ షరతుకు నేనిచ్చిన వాక్యానిది," అంది.

ఆ మాటల్ని తెలుగులో చెప్పాను. రమణమూర్తి గారి ముఖం పాలిపోయింది.

"చేప ఎండకు కుళ్ళుతుంది. ఎవరు ఎవరి దగ్గర కొన్నారో చూసి కుళ్ళదు. పెట్టెలివ్వండి, కొన్నారా లేదా అని అడక్కండి," అని కూర్చుంది.

పైవాళ్ళు పరిశీలిస్తామన్నారు. ఆ మాటకు అర్థం మన దేశంలో ఎవరికైనా తెలుసు. మెట్ల మీద రమణమూర్తి గారు ఎదురయ్యారు. తిడతారనుకున్నాను. "ఊళ్ళోకి ఎలా వెళ్తారండి? జీపు ఉందండి," అన్నారు, నేల చూస్తూ.

ఒడ్డున

మేం వెళ్ళేసరికి పెద్దలు ఇసుకలో కూర్చున్నారు. వార్త మాకంటే ముందే చేరింది. కొందరు ఆడవాళ్ళు మమ్మల్ని చూసి ముఖం తిప్పుకున్నారు. ఎఫువా గారు పెద్దల ముందు నిలబడి, అది ఆటేనని సభలో చెప్పానని, పుస్తకంలో ఉన్నది వేరే ఒడ్డు ఆచారమని చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. ఎర్రయ్య ఏదో అనబోయాడు.

"ఇంకేటి సెప్తావురా? ఆటయితే ఆట నాగే ముగించు. పద నీటికాడికి," అన్నాడు ముసలాయన, ఆ రోజు ఉమ్మేసి వెళ్ళినాయనే.

ఎర్రయ్య కదల్లేదు. నలుగురు పెద్దలు లేచి నిలబడ్డారు. అప్పుడు వెళ్ళాడు. గౌరి అతని పక్కన వంగి చేతులు నీళ్ళలో ముంచింది. మాట వెనక్కి పోయింది. ఇద్దరూ మళ్ళీ మొగుడూ పెళ్ళాం. అందరూ ఊపిరి వదిలారు, నేనూ వదిలాను.

గౌరి వెనక్కి వచ్చి, తడి చేతులు చీరకు తుడుచుకుని, పెద్దల ముందు ఇసుకలో బాసింపట్టు వేసుకు కూర్చుంది.

"ఇప్పుడు నాను పెళ్ళాన్ని కదా. ఇప్పుడు అడగండి ఆణ్ణి, నన్నెందుకు ఒగ్గేత్తన్నాడో. ముందు వలలు లెక్కెట్టండి," అంది.

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత మళ్ళీ కూర్చున్నారు. తగువు విని, పెళ్ళి తెంచి, సగం వలలు గౌరివని తేల్చేసరికి పొద్దు వాలింది. ఎర్రయ్య మిగతా సగం తీసుకుని హార్బరు దారి పట్టాడు.

ఎఫువా గారు నూకాలమ్మ చేతిలో పూలగుడ్డ పెట్టింది. "పెట్టెలు పోతే నన్ను క్షమించండి," అంది. "పోతే పోనీ అననేను తల్లీ, పోతే బాదే," అంది నూకాలమ్మ. కాసేపు గుడ్డ తిప్పితిప్పి చూసి, నాకేసి తిరిగింది. "ఇదంతా కూడా ఈయమ్మ పుస్తకంలో రాత్తాదేటి? పెళ్ళాం పెద్దల ముందర కూకుని వలలు అడగడం?"

అడిగాను. ఎఫువా గారు వెంటనే, "తప్పకుండా రాస్తాను," అంది. ఆమె కళ్ళు మెరిశాయి. నాకూ అంతే సంతోషంగా ఉంది.

నూకాలమ్మ నిట్టూర్చింది. "అయితే ఇంకో బాబు వత్తాడు, 'మీ ఊళ్ళో ఆడోళ్ళు వలలు అడుగుతారా?' అంటాడు. అడుగుతాం బాబూ అంటాం. సూపించమంటాడు. ఈసారి ఏ ఆడగుంట కాపురం పెట్టి సూపించమంటారమ్మా?"

ఆ మాట ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. విన్నాక ఎఫువా గారు చేతిలో ఉన్న కలానికి మూత పెట్టి సంచిలో వేసుకుంది. ఆమె రాస్తుందో లేదో నాకు తెలియదు. నేను రాశాను. ఆ ఊరి మనుషుల పేర్లు మార్చాను, ఊరి పేరు ఎక్కడా చెప్పలేదు. ఎవరడిగినా చెప్పను.